గుర్రంలా లాగే పొయ్యి

ఓరిన్ హాస్కెల్ తాను పొయ్యి కట్టిన ఏ ఇంటికి వచ్చినా ముందు టోపీ తీయడు, కూర్చోడు. నేరుగా పొయ్యి ముందుకు వెళ్లి, నడుము మీద చేతులు పెట్టుకుని, మంట ఎటు వాలుతోందో చూస్తాడు.

"లాగుతోందా?" అంటాడు.

"గుర్రంలా లాగుతోంది పెద్దాయనా," అంటాం.

అప్పుడు టోపీ తీస్తాడు.

మా ఊళ్లో పొయ్యి అంటే గోడలోకి కట్టిన రాతిపొయ్యి. పొగను పైకి లాగితే మంచి పొయ్యి, గదిలోకి కక్కితే చెడ్డది. ఓరిన్ కట్టినవన్నీ కక్కుతాయి. తూర్పుగాలి వీస్తే మరీను. కళ్లు మండుతాయి, పరదాలు నల్లబడతాయి, ఆదివారం చర్చికి వేసుకునే కోటు పొగబెట్టిన పంది తొడలా వాసనేస్తుంది. వంటగది కిటికీ రెక్కను రెండు వేళ్ల మందాన పైకి జరిపి, కింద ఒక పుల్ల ఆనిస్తే మాత్రం బయటి గాలి లోపలికి వచ్చి పొగను పైకి తోస్తుంది. ఇల్లు చల్లబడుతుంది కానీ పొగ ఉండదు.

ఓరిన్ ట్రక్కు సైలెన్సరు ఊడిపోయి చాలా కాలమైంది. అది చెక్క వంతెన దాటుతుంటే కొండ మీదిదాకా వినిపిస్తుంది. ఆ చప్పుడు వినగానే ఎవరింట్లో వాళ్లు లేచి వెళ్లి కిటికీ లేపుతారు. ఆయన వెళ్లిపోయాక దించేస్తారు. ఇలా చేద్దామని ఎవరూ ఎవరితో అనుకున్నది కాదు. కోరాను పెళ్లి చేసుకున్న కొత్తలో మా అత్తగారు మాకు ఇల్లు చూపిస్తూ, "ఇది ఓరిన్ కిటికీ," అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. మొదటిసారి ఆయన వచ్చినప్పుడు కోరా లేవడం చూసి తెలుసుకున్నాను.

నోరు విప్పకపోవడానికి కారణం లేకపోలేదు. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఓరిన్ తన చేత్తో పొయ్యి కట్టి ఇస్తాడు. రాళ్లు పెళ్లికూతురి పుట్టింటి చేను చుట్టూ పేర్చిన గోడ నుంచి రావాలి. ఆయనే ఏరి తెచ్చుకుంటాడు. ఒక్కొక్క రాతిని తిప్పి తిప్పి చూసి, "దీని మొహం ఇటు," అంటాడు. కూలి మాటెత్తితే, "మీ పెళ్లిలో తిన్నానుగా," అంటాడు. అలా కట్టిన దాని ముందు నిలబడి పొగ వస్తోందని ఎలా చెప్తాం?

వాటిలో అన్నిటికంటే పెద్దది వెర్నా ఇంట్లోది. అన్నిటికంటే ముందు కట్టిందీ అదే. వెర్నా మొగుడు లీలండ్ ఓరిన్‌కు స్వయానా తమ్ముడు. తమ్ముడి పెళ్లికని, మనిషి వంగకుండా లోపలికి దూరేంత నోరు పెట్టి కట్టాడు. లీలండ్ పోయాక వెర్నా ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఆమె కట్టెలు నేనే కొట్టి, మోసి, వసారాలో పేరుస్తాను.

అక్టోబరు చివర్లో ఒక శనివారం వెర్నా మా ఇంటికి బీన్సు కుండ పట్టుకుని వచ్చింది. కుండ బల్ల మీద పెట్టింది గానీ చేతులు దాని మీదనుంచి తీయలేదు.

"థర్లో, వేట రోజుల్లో ఓరిన్ బావగారు కూతురింటికి వెళ్తారు కదా?"

"వెళ్తాడు."

"ఆ వారం నీకు ఖాళీయేనా?"

"నేనూ వేటకు పోవాలి కదక్కా."

కోరా పొయ్యి దగ్గరనుంచి తల తిప్పకుండానే అంది. "ఈయన ఏటా పోతాడు. జింక మాట దేవుడెరుగు, దాని తోక కూడా చూసి రాడు. ఖాళీయే, చెప్పు వెర్నక్కా."

వెర్నా చెప్పింది. ఇనుప పొయ్యి ఒకటి కొన్నదట. రాతిపొయ్యి నోట్లోకి జరిపి పెట్టేస్తారట. ముందు అద్దం తలుపు ఉంటుంది. పైకి స్టీలు గొట్టం వేస్తారు. సగం కట్టెలు చాలు, ఇల్లు రెండింతలు వెచ్చగా ఉంటుంది, పొగ పిసరంతైనా రాదు. షాపతను వచ్చి పెడతాడు కానీ లోపల సాయానికి ఒక మనిషి కావాలన్నాడట.

"బావగారికి చెప్పావా?" కోరా అడిగింది.

"చెప్తా."

"ఎప్పుడు?"

"పెట్టాక."

"పెట్టాక ఏమని చెప్తావు?"

"ముసల్దాన్ని, కట్టెలు మొయ్యలేకపోతున్నానంటాను."

"కట్టెలు మోసేది నేను కదా," అన్నాను.

"అయితే నువ్వు మొయ్యలేకపోతున్నావంటాను."

కోరా నవ్వింది. వెర్నా కూడా నవ్వబోయింది కానీ నవ్వు దగ్గులోకి దిగింది. మా పొయ్యి కూడా ఆ రోజు కక్కుతూనే ఉంది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత దాన్ని విప్పి చూసి, మేం చూడకుండా లోపలికి మడిచింది. దొంగతనం చేసి పట్టుబడినదానిలా ఆ మడత మీద వేలు నొక్కి ఉంచింది. కోరా నా వైపు చూసింది. వస్తానని చెప్పాను.

నవంబరులో, ఓరిన్ కూతురు రోవెనా ఇంటికి వెళ్లిన మర్నాడే షాపతను వచ్చాడు. పేరు లైల్. పక్క జిల్లావాడు, మా వాళ్లెవరో అతనికి తెలియదు. నోరు ఊరుకునే రకం కాదు.

"అమ్మబాబోయ్, ఇదేం నోరండీ! ఇందులో దూడను నిలబెట్టి కాల్చొచ్చు." పొయ్యి పైన అడ్డంగా ఉన్న రాతిని వేలితో గీశాడు. వేలు నల్లగా వచ్చింది. "ఇది బాగా పొగ కక్కుతుంది కదమ్మా?"

"గుర్రంలా లాగుతుంది," అంది వెర్నా.

లైల్ తన వేలు చూసుకున్నాడు. తర్వాత నా మొహం చూశాడు. నేను బూట్లు చూసుకున్నాను.

ఇనుప పొయ్యిని బండి మీద పెట్టి, గడప మీద పలకలు వేసి, ఇద్దరం కలిసి గదిలోకి తోశాం. ఇక మిగిలింది, రాతిపొయ్యి గొంతులో ఉన్న ఇనుప మూతను దాని చట్రంతో సహా పీకెయ్యడం. అది తీస్తే గాని స్టీలు గొట్టం దిగదు. లైల్ గొట్టం భుజాన వేసుకుని, తన బండి నిలిపిన పెరటి వైపునుంచి కప్పు మీదికెక్కాడు. నేను గడ్డపార, సుత్తి తీసుకుని పొయ్యిలో వెల్లకిలా పడుకున్నాను. కొట్టిన ప్రతి దెబ్బకూ మసి కళ్లలో రాలింది. వెర్నా గది మధ్యలో నిలబడి, ప్రతి దెబ్బకూ తన ఒంటి మీద పడినట్టు భుజాలు దగ్గరికి లాక్కుంటోంది.

"మెల్లగా కొట్టు థర్లో. రాళ్లకు తగలనీకు."

"రాళ్లకు కాదక్కా, ఇనుముకే."

"అయినా మెల్లగా."

అలా ఉండగా వంతెన చప్పుడైంది. పొగగొట్టంలోంచి నా చెవిలో దిగినట్టు వినిపించింది. ఇంకెవరిదో అనుకుందామన్నా వీలులేదు. అలాంటి చప్పుడు ఆ ట్రక్కుదొక్కటే.

నేను బయటికి పాకి వచ్చేసరికి వెర్నా వంటగదిలోకి పరుగెత్తుతోంది. ఎక్కడైనా దాక్కుంటుందేమో అనుకున్నాను. ఆమె తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి, రెక్క లేపి, పుల్ల ఆనించింది. చలిగాలి రివ్వున గదిలోకి వచ్చింది. పుల్ల మీద చెయ్యి అలాగే ఉంచి ఆమె నిలబడిపోయింది. పొయ్యిలో మంట లేదు. నిన్నటి నుంచీ లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ అప్పుడే ఒక్కసారి తట్టింది. కానీ బయట ట్రక్కు తలుపు పడింది. మెట్ల మీద బూట్లు వినిపించాయి.

ఓరిన్ నారింజరంగు వేట చొక్కాతోనే వచ్చాడు. తలుపు తోస్తూనే మాట్లాడుతున్నాడు.

"వేటా లేదు ఏమీ లేదు. రోవెనా చిన్నకొడుక్కి ఒకటే దగ్గు. ఇంట్లో ఎవడికీ నిద్ర లేదు. ఒక మనిషి తగ్గితే వాళ్లకు కాస్త చోటుంటుందని వచ్చేశాను. నీకోసం యాపిల్స్ పంపిందమ్మాయ్, ట్రక్కులో..."

మాట్లాడుతూనే అలవాటుగా పొయ్యి దగ్గరికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"లాగు..." అని ఆగిపోయాడు.

పొయ్యి నోటి ముందు గుడ్డ పరిచి ఉంది. దాని మీద విరిగిన చట్రం ముక్కలు. పక్కన కొత్త ఇనుప పొయ్యి, అట్టపెట్టె కూడా పూర్తిగా విప్పకుండా. నేను మసి మొహంతో, చేతిలో సుత్తితో.

వెర్నా వంటగది గుమ్మంలోంచి అంది. "బావగారూ, కట్టెలు... థర్లో మొయ్యలేకపోతున్నాడు."

"నడుము," అన్నాను నేను.

ఓరిన్ నా నడుము వైపు చూశాడు. ముందు వారమే రైతుల హాలు దగ్గర ఇద్దరు ఎత్తాల్సిన దుంగను నేనొక్కణ్ణే ఎత్తడం ఆయన చూశాడు. అయినా ఆ మాట అనలేదు. నమ్మడానికే ప్రయత్నించాడు. మెల్లగా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాతో ఒక్క మాట అంటే నేనే పెట్టేవాణ్ణి కదమ్మా," అన్నాడు. "రాళ్లు సర్దాలంటే వేరేవాళ్లకు ఎలా తెలుస్తుంది? పోనీలే. ఇప్పుడు అందరూ ఇనుపవే పెట్టుకుంటున్నారు. కట్టెలు ఆదా, నిజమే."

వెర్నా తల వంచుకుంది. అంతటితో అయిపోయేదేమో. ఆయన చేతులు రుద్దుకుని, "ఇంత చలిగా ఉందేమిటి ఇల్లు?" అంటూ చుట్టూ చూశాడు. కిటికీ కనిపించింది. ఆడమనిషి చలికి వణుకుతుంటే చూస్తూ ఉండే మనిషి కాదు. వెళ్లి దించబోయాడు. పుల్ల మీద చెయ్యి వేసి ఆగాడు.

"నేను ట్రక్కు ఆపుతుంటే నువ్వు దీన్ని లేపుతున్నావు. చూశాను."

వెర్నా గుమ్మం పట్టుకుంది.

"మంట లేదుగా లోపల. ఎందుకు లేపావు?"

ఓరిన్ పుల్లను తీసి చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ రెక్క ధబ్బున కింద పడింది. ఆ పుల్ల చేతులు తగిలి తగిలి నున్నగా, ఎముకలా మెరుస్తోంది. రాతిని చూసినట్టే దాన్ని కూడా తిప్పి తిప్పి చూశాడు.

"మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంది కదరా థర్లో."

"ఉంది."

"కోరా పిండి కలుపుకునేదన్నావు."

అన్నాను. ఒకసారి ఆయన దాన్ని తీసి చూస్తుంటే నోటికొచ్చింది అనేశాను. కోరా వెనక నిలబడి అవునంది.

"మరి వింగేట్ వాళ్లింట్లో?"

"ఉంది పెద్దాయనా."

"రైతుల హాల్లో?"

తల కొట్టేసినట్టయింది నాకు. "ఉంది," అన్నాను.

అప్పుడే పొయ్యిలోంచి లైల్ గొంతు గుహలోంచి వచ్చినట్టు దిగింది. "ఏమండోయ్! కింద తీశారా లేదా? ఈ గొంతులో నా చెయ్యే పట్టడం లేదు. దీన్ని కట్టినవాడెవడో గానీ నోరు చూసి మురిసిపోయి గొంతు సంగతి మర్చిపోయాడు!"

వెర్నా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను పొయ్యి వైపు అడుగు వేశాను, ఆ మనిషి నోరు ఎలాగైనా మూయిద్దామని. ఓరిన్ నన్ను మోచేత్తో ఆపాడు. వంగి పొయ్యిలోకి తల పెట్టి పైకి చూశాడు.

"నేనే," అన్నాడు.

పైన గొట్టం ఎక్కడో తగిలి మోగింది. తర్వాత, "ఎవరండీ?" అని చిన్నగా వచ్చింది.

"కట్టినవాణ్ణి."

ఓరిన్ వేట చొక్కా విప్పి కుర్చీ మీద వేశాడు. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాచాడు. నేను బ్యాటరీ లైటు ఇచ్చాను. తల, భుజాలు లోపల పెట్టి చాలాసేపు చూశాడు. ఆయన బూట్ల అడుగులు మాత్రం మాకు కనిపిస్తున్నాయి. అడవి మట్టి ఇంకా వాటికి అంటుకునే ఉంది. లోపలినుంచి మాటలు రాళ్లకు తగిలి వచ్చాయి. మాతో అన్నవి కావు.

"నోరు పెద్దది, గొంతు చిన్నది. ఆ కుర్రాడు అన్నది నిజమే... వెనక అరుగు లేదు. పైనుంచి దిగే చలిగాలి అరుగు మీద పడి వెనక్కి తిరగాలి. ఇక్కడ తిన్నగా వచ్చి మంట మీదే పడుతుంది." కాస్త ఆగాడు. "రోవెనా వాళ్ల ఊళ్లో పాత ఇల్లు ఒకటి కూలగొడుతుంటే చూశాను. దాని పొయ్యిలో అరుగుంది. అదెందుకా అనుకున్నాను. నావన్నీ గుర్రాల్లా లాగుతున్నాయి కదా, అరుగు దండగ అనుకున్నాను."

ఆ 'గుర్రాల్లా' అన్న మాటకు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

"సుత్తి ఇటియ్యి. పక్కకు జరుగు," అన్నాడు.

"నేను తీస్తాను పెద్దాయనా."

"నువ్వు నడుం నొప్పి మనిషివి కదా."

సుత్తి ఇచ్చేశాను.

నేను పొద్దున్నుంచీ కుస్తీపడిన చట్రం ఆయన చేతికి వెంటనే వచ్చేసింది. ఎక్కడ కొట్టాలో ఆయనకు తెలుసు. పెట్టింది ఆయనే కదా. గొట్టం ఇంకా పట్టకపోతే, ట్రక్కులోంచి ఉలి తెచ్చుకుని గొంతు దగ్గర రెండు రాళ్లను చెక్కాడు. వెర్నా పుట్టింటి రాళ్లు. దెబ్బ దెబ్బకూ ముక్కలు లేచి కింద పడుతుంటే, అరచేత్తో ఒక పక్కకు తోసేస్తున్నాడు. గొట్టం దిగింది. ఆయన కింద పట్టుకున్నాడు, నేను బిగించాను. లైల్ కప్పు దిగి వచ్చి గుమ్మంలో టోపీ పిసుకుతూ నిలబడ్డాడు. ఇందాకటి నోరు ఎటు పోయిందో.

"అయ్యగారూ, నేను తెలియక అన్నాను..."

"నువ్వొక్కడివే తెలియక అన్నావు బాబూ," అన్నాడు ఓరిన్. "తెలిసి అననివాళ్లు ఊరినిండా ఉన్నారు. ఆ చివర పట్టుకో."

ముగ్గురం కలిసి ఇనుప పొయ్యిని లోపలికి జరిపాం. చుట్టూ సందులు పూడ్చి, రేకు బిగించాం. లైల్ చిన్న మంట వేసి తలుపు ఎలా మూయాలో వెర్నాకు చూపించి, సంతకం కూడా అడగకుండా తన బండెక్కి వెళ్లిపోయాడు.

నేనూ వెళ్దామనుకున్నాను. వెళ్లలేకపోయాను. ఆయన్ని ఆమెతో ఒంటరిగా వదిలినా తప్పే, ఉన్నా తప్పే. ఉండిపోయాను.

అద్దం వెనక బిర్చి కట్టె నెమ్మదిగా అంటుకుంది. కిటికీ మూసే ఉంది. గది మూలలు కూడా వెచ్చబడటం మొదలైంది. ఆ ఇంట్లో మూలలు వెచ్చబడటం నేనెప్పుడూ చూడలేదు. వెర్నా టీ పెట్టి, లేతగా వేయించిన డోనట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎవరూ ముట్టలేదు. ఆమె కుర్చీలో ఒక అంచున కూర్చుంది, తన ఇంట్లో తానే చుట్టం అన్నట్టు.

ఓరిన్ పొయ్యి వైపు చూడలేదు. ఆమెనే చూస్తున్నాడు.

"నువ్వు దగ్గడం లేదు," అన్నాడు కాసేపటికి.

"ఊఁ."

"ఎప్పుడూ దగ్గుతుంటావు. మీ పుట్టింటి దగ్గే అది అని లీలండ్ అనేవాడు."

"మా ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు బావగారూ."

"డాక్టరు ఏమన్నాడు?"

"పొగ అన్నాడు."

"ఎప్పుడు?"

"చాన్నాళ్లయింది. లీలండ్ ఉండగానే."

"వాడికి తెలుసా?"

"అన్నయ్యతో అనకు అన్నాడు." వెర్నా టీకప్పు పక్కకు జరిపింది. "నేనే మొదలుపెట్టాను బావగారూ. వాళ్లెవరూ కాదు. నేనీ ఇంటికి వచ్చిన తొలి చలికాలం. గది నిండా పొగైతే కిటికీ తీశాను. అంతలో మీరొచ్చి లాగుతోందా అని అడిగారు. అప్పటికి బాగానే లాగుతోంది. కొత్తకోడల్ని, మీ చేతులు సున్నానికి పగిలిపోయి ఉన్నాయి. గుర్రంలా అన్నాను. మీరు ఎంత నవ్వారో! మళ్లీసారి కిటికీ తీయకుండా ఎలా ఉండేది?"

"నా మనసు కష్టపడుతుందని."

"అవును."

"ఇది నేను కట్టిన మొదటిది." ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "దీని దగ్గర ఒక్క మాట అని ఉంటే రెండోది సరిగ్గా కట్టేవాణ్ణి. నాకు చేతకాక కాదు. తెలియక. ఎన్ని ఇళ్లకు కట్టాను! పెళ్లాడిన ప్రతి పిల్లకూ కట్టాను. వాళ్లందరి కళ్లలో పొగ కొట్టి, కాళ్లు బార్లా చాపుకుని వాళ్ల టీ తాగి వచ్చాను. నేను వెళ్లాక కిటికీ దించి, మీరందరూ ఏమనుకునేవాళ్లు?"

"ఏమీ అనుకునేవాళ్లం కాదు," అన్నాను. అది నిజం. నిజమే గానీ చెప్పాక ఇంకా హీనంగా వినిపించింది.

ఓరిన్ టీకప్పు తీసుకోబోయి మధ్యలో ఆపాడు. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"రోవెనాకీ ఇదే కొలత," అన్నాడు.

వెర్నా తల ఎత్తింది.

"ఇదే కొలత. దీని మీద తాడు పెట్టి కొలుచుకుని పోయి కట్టాను."

లేచి వంటగది గోడకున్న ఫోను దగ్గరికి వెళ్లాడు. మసి వేళ్లతో అంకెలు తిప్పాడు. ఆయన వీపు మాకు కనిపిస్తోంది. చొక్కా మధ్యలో చెమట మరక.

"రోవెనా, నేను... ఆఁ, బాగానే వచ్చాను. వెర్నా ఇంట్లో ఉన్నాను. యాపిల్స్ ఇచ్చాను." అవి ఇంకా ట్రక్కులోనే ఉన్నాయి. "ఒకటడుగుతాను చెప్పు. నిన్న మీ వంటగది కిటికీ ఎందుకు తీసి ఉంది?... చేపల వాసనని అప్పుడూ అన్నావు. అది కాదు. నిజం చెప్పు తల్లీ, కోప్పడను."

చాలాసేపు విన్నాడు. నుదురు గోడకు ఆనించాడు.

"ఊఁ... నేను బయల్దేరగానే మూసేశావా?... ఊఁ. బయట మంచు కదా, నిజమే. మూస్తావు మరి." మళ్లీ విన్నాడు. "చిన్నాడు ఏ గదిలో పడుకుంటున్నాడు?... పొయ్యి ఉన్న గదిలోనా? వెచ్చగా ఉంటుందని?"

వెర్నా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"రోవెనా, విను. పొయ్యి ఆర్పెయ్యి. తర్వాత కాదు, ఇప్పుడే. బూడిద కప్పడం కాదు, నీళ్లు పొయ్యి. పగిలితే పగలనీ రాళ్లు. పగలనీ అంటున్నానా? పిల్లాణ్ణి మేడ మీదికి తీసుకుపోయి కరెంటు హీటరు పెట్టు. తెల్లారాక డాక్టరు దగ్గరికి పోదాం. నేను వస్తున్నాను... ఇప్పుడే. మా అమ్మవి కదూ, నీళ్లు పొయ్యి ముందు."

ఫోను పెట్టెయ్యబోయాడు. లోపలినుంచి ఇంకా మాట వస్తోంది. ఒక నిమిషం విని, దాన్ని వెర్నా వైపు చాచాడు.

"నీతో మాట్లాడాలట."

వెర్నా తీసుకుంది. ఓరిన్ కుర్చీ మీది వేట చొక్కా తొడుక్కున్నాడు. ఒక చెయ్యి దూరక రెండుసార్లు తడబడ్డాడు. నేను పట్టుకోబోతే వద్దన్నట్టు తల ఊపి, సుత్తి, ఉలి చంకలో పెట్టుకుని నా పక్కనుంచే వెళ్లిపోయాడు. నా మొహం చూడలేదు. నేనూ ఆయన మొహం చూడలేదు.

రోవెనా గొంతు గదిలోకి వినిపించేంత గట్టిగా ఉంది.

"ఎవరు చెప్పారు పిన్నీ నాన్నకి? ఇన్నేళ్లు ఆయనకు తెలియకుండా చూసుకున్నాం కదా. ఎవరికి నోరాగలేదు?"

బయట ట్రక్కు రెండుసార్లు దగ్గి అందుకుంది.

"ఎవరూ చెప్పలేదమ్మా," అంది వెర్నా.

"ఎవరో ఒకరు చెప్పే ఉంటారు!"

వెర్నా నా వైపు చూసింది, నేనేమైనా అందిస్తానేమోనని. ఆమె ఫోను తీగను వేలికి చుట్టుకుంటూ గోడ వైపు తిరిగింది.

"లేదు తల్లీ," అంది. "ఎవరూ చెప్పలేదు. నువ్వు ముందు నీళ్లు పొయ్యి."